చేను అమ్మి కెమెరా కొనవచ్చునా?

సంక్రాంతి సెలవులలో ఒకనాటి ఉదయం ముగ్గురు యువకులు మా యింటికి వచ్చినారు. ఒకనిది సూర్యాపేట, ఒకనిది కోదాడ, మూడవవానిది మిర్యాలగూడ. వేర్వేరు సంవత్సరాలలో ముగ్గురూ నా దగ్గర చదువుకున్నవారే. నేను చెప్పిన ఛందస్సు వారిలో ఎంత నిలిచినదో తెలియదు గాని, కథ చెప్పవలెనన్న తహతహ మాత్రం నిలిచినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బస్తాలు మోసే ఒక హమాలీ, చదువు మానలేని అతని కూతురు, ఈ ఇద్దరి చుట్టూ అల్లిన గంటన్నర చలనచిత్రం తీయ సంకల్పించినారు. కథ చదివి వినిపించినారు. బాగున్నది.

చాయ తాగిన తరువాత కోదాడ కుర్రవాడు జేబులో నుండి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా ముందుంచినాడు. అది సామగ్రి జాబితా. మొదటి పంక్తిలో కెమెరా; దాని కెదురుగా వేసిన అంకె చివరి పంక్తిలోని మొత్తంలో మూడు వంతులు మింగివేసినది.

“సార్, మా నాయనను మీరొక్క మాట ఒప్పియ్యాలె. కాలువ కింద ఇరవై గుంటలు అమ్మితే కెమెరా వస్తది. నేను చెప్తె ఇంటలేడు. మీరు చెప్తె ఇంటడు,” అన్నాడు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఇరవై గుంటల మాగాణి! ఆ కాలువ నీరు రాకముందు ఆ రైతు కుటుంబం ఎట్లు బ్రతికినదో నేను వినియున్నాను. నా ఒక్క మాటమీద ఆ భూమి నిలుచునో పోవునో తేలవలసి వచ్చినది. వెంటనే ఏమియు చెప్పలేక పదిహేను రోజులు గడువు అడిగినాను. ఆ పదిహేను రోజులలో తెలుసుకొన్నదియు, అంతకు ముందే చేతులు కాల్చుకొని నేర్చుకొన్నదియు ఇక్కడ వ్రాస్తున్నాను. ఇటువంటి కాగితం జేబులో పెట్టుకొని తిరిగే యువకులు ఈ మూడు ఊళ్ళలోనే కాక తెలుగు నేల నాలుగు చెరగులా ఉన్నారు గనుక ఇది వారికి పనికి రావచ్చును.

నాకు పాఠం నేర్పిన రాత్రి

తెలుగు చెప్పుకొనేవానికి కెమెరా గొడవ ఏల అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. కారణం ఉన్నది. సూర్యాపేట సమీపాన దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టుమీద లింగమంతుల స్వామి జాతర రెండేండ్ల కొకసారి జరుగుతుంది. 2019 ఫిబ్రవరిలో జరిగిన జాతరకు కొద్దిరోజుల ముందు, ఒక వృద్ధ ఒగ్గు కళాకారుని చేత రాత్రంతా కథ చెప్పించుకున్నాను. అంతకు ముందే నా జీతపు బకాయిలు చేతికి వచ్చినవి. ఆ డబ్బంతయు ఒక మంచి కెమెరాకు, దాని కటకానికి పెట్టినాను. శబ్దం సంగతి ఆలోచించనే లేదు; కెమెరాలోనే చిన్న మైకు ఉన్నది గదా అనుకున్నాను.

కెమెరా పది అడుగుల దూరాన ఉన్నది. కళాకారుని గొంతుకంటె డోలు దానికి దగ్గర. వెనుక జనరేటరు మ్రోగుతున్నది. తెల్లవారి ఇంటికి వచ్చి చూచుకొంటే బొమ్మ అద్భుతం: ముఖంమీది ముడుతలు, పసుపు, చెమట, కన్నులలో దీపపు వెలుగు అన్నీ ఉన్నవి. మాట మాత్రం డోలు దరువులో, జనరేటరు హోరులో మునిగిపోయినది. మళ్ళీ పిలిపించుకొందామని వాయిదా వేసినాను. 2020 వానకాలంలో ఆయన కాలం చేసినాడు. కర్మకాండ ముగిసిన తరువాత కొడుకు వచ్చి, “నాయన గొంతు ఒక్కపారి వినిపియ్యి సారూ,” అని అడిగినాడు. చూపించినాను. కొంతసేపు చెవి ఒగ్గి విని, “బొమ్మ మంచిగున్నది సారూ,” అని లేచి వెళ్ళిపోయినాడు.

రూపం దాచినాను, వాక్కును పోగొట్టినాను. వాక్కే వృత్తిగా గలవాడను చేయవలసిన పొరపాటు కాదు.

రీలు పోయినది, ఖర్చు పోలేదు

ఈ నేల చలనచిత్రాలకు కొత్తది కాదు. కత్తియుద్ధాలకు పేరుపొందిన కాంతారావుగారు కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో జన్మించినారు. డాక్టరు ప్రభాకరరెడ్డిగారు తుంగతుర్తివారు. హాస్యనటుడు వేణుమాధవ్‌ది కోదాడ. నటులను మనం ఇచ్చినాము. కెమెరా మాత్రం ఎన్నడూ బయటి నుండే వచ్చినది. ఈ ప్రాంతపు రైతులు ప్రాణాలొడ్డిన తెలంగాణ పోరాటాన్ని ‘మా భూమి’గా 1980లో తెరకెక్కించినవారు బి. నరసింగరావుగారి బృందమైనా, దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశమునుండి రావలసి వచ్చినది. నరసింగరావుగారే దర్శకత్వం వహించిన ‘దాసి’ 1988లో వచ్చి జాతీయ పురస్కారాలను తెచ్చినది.

ఆ రోజులలో చిత్రం తీయుటకు అసలు అడ్డంకి ముడి ఫిల్ము. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెత్తుతుంది. వేయి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలలో ఖాళీ. గంటన్నర చిత్రానికి 8,100 అడుగులు. ప్రతి దృశ్యం సగటున అయిదు మార్లు తీసినారనుకొంటే 40,500 అడుగులు, అనగా నలభై ఒక్క చుట్టలు. దానిని కడిగించుట, ప్రతులు వేయించుట వేరే ఖర్చు. నటుడు మాట తడబడితే నిర్మాత గుండె తడబడేది.

2008లో కానన్ సంస్థ 5డి మార్క్ 2 అనే ఫోటో కెమెరాలో పూర్తి హెచ్.డి. వీడియో పెట్టినప్పటి నుండి ఈ గోడ కూలుట ఆరంభించినది. 2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ చిత్రాన్ని ఆ జాతి కెమెరాలతో, బహుకొద్దిమంది సిబ్బందితో అయిదు రోజులలో తీసినాడు. అమెరికాలో షాన్ బేకర్ ‘టాంజరీన్’ చిత్రాన్ని ఐఫోన్ 5ఎస్‌తో తీసి 2015లో విడుదల చేసినాడు. 2023లో వచ్చిన ‘ది క్రియేటర్’ అనే భారీ ఆంగ్ల చిత్రానికి వాడినది చేతిలో ఇమిడే సోనీ ఎఫ్.ఎక్స్.3.

కనుక నేడు బొమ్మ బాగుండలేదని కెమెరాను నిందించే అవకాశం తీసేవానికి లేదు. కాని గమనింపవలసిన దొకటి ఉన్నది. పోయినది ఫిల్ము ఖర్చు మాత్రమే. మనుషుల తిండి, ప్రయాణం, దీపాలు, శబ్దం, కూర్పు, సెన్సారు ధ్రువపత్రం, ఇవన్నీ ఉన్నచోటనే ఉన్నవి. డబ్బంతా కెమెరాకు పెట్టినవాడు ఈ వరుసలో ఏదో ఒకచోట ఆగిపోతాడు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ను జనం ఆదరించినది విశాఖపట్నపు ఆ పేటవాసులే నటులై ముఖాలు చూపినందుకు, ఏ కెమెరాతో తీసినారని టిక్కెట్టు కొన్నవాడెవ్వడును అడుగలేదు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా చేనేత బిడ్డ, ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశంగారి కథతో 2019లో వచ్చిన ‘మల్లేశం’ సంగతియు అంతే.

ఏ కెమెరా?

కుర్రవాళ్ళ కాగితంలో రెండు పేర్లున్నవి. ఒకటి బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కె. ఇది 2018లో వచ్చినది. అప్పటి వెల 1,295 డాలర్లు. రెండవది సోనీ ఎఫ్.ఎక్స్.30. ఇది 2022లో సుమారు 1,800 డాలర్ల వెలతో వచ్చినది. తక్కువ ఖర్చులో నిజమైన సినిమా బొమ్మ ఇచ్చే వాటిలో రెండూ పేరున్నవే. తేడా ఎక్కడ?

మొదటి తేడా సెన్సరు. ఆ మాట వినగానే మనవారికి కత్తెర గుర్తుకు వస్తుంది; ఇది ఆ సెన్సారు కాదు. వెలుగును పట్టే ఫలకము. పాకెట్ 4కెలో ఇది కొంచెం చిన్నది, ఎఫ్.ఎక్స్.30లో పాతకాలపు 35 మిల్లీమీటర్ల సినిమా చట్రానికి దాదాపు సమానం. ఫలకం చిన్నదైతే అదే కటకం ఇరుకుగా చూపుతుంది. మిల్లు గోదాములో గోడకు వీపు ఆనించి తీయవలసి వచ్చినప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

రెండవది బొమ్మను దాచుకొనే పద్ధతి. దీనిని మిర్యాలగూడవారికి చెప్పుట తేలిక. ‘రా’ అనే పద్ధతి వడ్లవంటిది. గోదాము పెద్దది కావలె, మర ఆడించవలె, ఓపిక కావలె. అయితే ఆ వడ్లను పచ్చి బియ్యంగానో ఉప్పుడు బియ్యంగానో మన ఇష్టం వచ్చినట్లు చేసికొనవచ్చును. పది బిట్ల సంకోచిత చిత్రం బియ్యం వంటిది. మామూలు ఎనిమిది బిట్ల చిత్రం వండిన అన్నం. తినుటకు సిద్ధమే గాని ఇక దానిని మరొకటిగా మార్చలేము. ఎనిమిది బిట్లలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు, పది బిట్లలో 1,024. మూడు రంగులు కలిసేసరికి మొదటిది కోటీ అరవై ఏడు లక్షల ఛాయలు, రెండవది నూటయేడు కోట్లు. సాయంకాలపు ఆకాశం తెరమీద మెట్లుమెట్లుగా విరిగిపోకుండా ఉండవలెనంటే పది బిట్లు కావలె. పాకెట్ కెమెరా వడ్లు కూడా ఇస్తుంది. సోనీ తనలోపల దాచుకొనేది బియ్యమే. కొత్తవారికి బియ్యం చాలును.

మూడవది పనిలో సౌకర్యము. కదిలే మనిషిని వెంబడించి తనంత తానే స్పష్టత నిలుపుకొనే గుణం, చేతి వణుకును సర్దే గుణం సోనీకి ఉన్నవి. పాకెట్ 4కెకు లేవు. దానికి మూడుకాళ్ళ పీట, స్పష్టత చూచుకొనే మనిషి వేరుగా కావలె. దాని బ్యాటరీ గంటసేపు నిలుచుట కష్టం. మన జిల్లాల ఎండను తలచుకొంటే, లోపల గాలిపంకా లేని చిన్న కెమెరాలు వేడెక్కి ఆగిపోయే ప్రమాదం ఉన్నది. ఈ రెండింటికీ పంకా ఉన్నది.

ఎన్ని ‘కె’లు కావలెనన్న తర్కం మరొకటి. థియేటరులో పడే 2కె డిజిటల్ ప్రతిలో అడ్డం 2,048 బిందువులు, నిలువు 1,080. 4కె కెమెరా అడ్డంగా 3,840 బిందువులైనా ఇస్తుంది. అంతకు మించినది ఈ కథకు దండుగ. 8కె కొన్నవాడు ముందు కంప్యూటరును, తరువాత ఓపికను మార్చుకొనవలసి వస్తుంది.

కెమెరా కానివి

కాగితంలో లేని వస్తువులను నేను వరుసగా వ్రాయించినాను.

మొదటిది నల్లటి గాజు, ఎన్.డి. ఫిల్టరు అంటారు. ఎండలో ఎందుకు కావలెనో లెక్క చూడండి. ఐ.ఎస్.ఓ. 800 దగ్గర, నడినెత్తి ఎండలో, ఎఫ్/16 రంధ్రానికి సెకనులో 800వ వంతు కాలం చాలును. సినిమా కదలిక సహజంగా కనిపించుటకు 50వ వంతు కాలం తెరచి ఉంచవలె: పదహారు రెట్ల వెలుగు ఎక్కువ. వెనుక దృశ్యం కొంచెం మసకగా ఉండుటకు ఎఫ్/4కు తెరచినామా, మరి పదహారు రెట్లు. మొత్తం 256 రెట్లు! ఆ వెలుగునంతా అడ్డుకొనే గాజు లేకపోతే వరిచేను తెల్లకాగితమై కూర్చుంటుంది.

రెండవది కరెంటు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది; దానితో వెలిగే చాలా దీపాలు సెకనుకు నూరు మార్లు మినుకుతవి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 24 చట్రాల వేగంతో తీసేటప్పుడు తలుపు కాలాన్ని 48వ వంతు కాక 50వ వంతు దగ్గర ఉంచితే మిల్లులోని ట్యూబులైట్ల కింద బొమ్మ వణకదు. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

మూడవది నిలువ. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున దాచుకొంటే గంట చిత్రానికి 45 గిగాబైట్లు అవుతవి. ఇరవై గంటలు తీస్తే 900. ఒకే డిస్కులో దాచుట దాచనట్లే. రెండు ప్రతులు, రెండు ఊళ్ళలో ఉండవలె. అనగా 1,800. వడ్ల పద్ధతిలో తీస్తే దీనికి ఎన్నో రెట్లు.

నాల్గవది, నా దృష్టిలో మొదటిది, శబ్దము. కెమెరా ఎక్కడ ఉన్నా మైకు నటుని నోటి దగ్గర ఉండవలె. చట్రంలో పడకుండా తలపై నుండి కర్రకు కట్టి దించే మైకు ఒకటి, దుస్తులలో దాచే చిన్న మైకులు రెండు, వేరుగా రికార్డు చేసే పెట్టె ఒకటి, మంచి హెడ్‌ఫోను. 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3 వంటి పెట్టెలు 32 బిట్ల ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేస్తవి. గుసగుస నుండి డోలు దెబ్బ వరకు పట్టుకొనగలవు. స్థాయి సరిచేసుకొనే అనుభవం లేనివారికి ఇది వరం. ప్రతి దృశ్యానికి ముందు కెమెరా ఎదుట ఒక్కసారి చప్పట్లు కొడితే, బొమ్మను శబ్దాన్ని తరువాత జతపరచుట తేలిక. కూర్పుకు డావిన్సీ రిజాల్వ్ అనే సాధనం ఉచితంగానే లభిస్తుంది.

ఈ వరుస అంతా వ్రాసిన తరువాత మిర్యాలగూడవాడు అడిగినాడు: “సార్, సత్యజిత్ రాయ్ గారు భార్య నగలు తాకట్టు పెట్టలేదా?”

పెట్టినారు. 1952లో ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టి, డబ్బు చాలక ఆగి, చివరకు పశ్చిమబెంగాలు ప్రభుత్వ ధనంతో పూర్తిచేసి 1955లో విడుదల చేసినారు. కాని ఆయన తాకట్టు పెట్టినది చిత్రీకరణ నడుపుటకు. కెమెరా అద్దెకు తెచ్చినదే. దానిని పట్టిన సుబ్రత మిత్ర అప్పటికి చిన్న వయస్సు యువకుడే. అంతకు ముందు సినిమా కెమెరా పట్టి ఎరుగడు.

కోతమిషను న్యాయము

గడువు తీరిన తరువాత కోదాడ దగ్గరి ఆ గ్రామానికి వెళ్ళినాను. రైతు మంచం వాల్చి కూర్చుండబెట్టినాడు. కొడుకు తలవంచుకొని గడప దగ్గర నిలుచున్నాడు. నేను సెన్సరు, బిట్లు మొదలైనవి చెప్పుటకు సిద్ధమై వెళ్ళినాను. ఆయన ఒకటే ప్రశ్న అడిగినాడు.

“ఎన్ని దినాలు తీస్తరు సారూ?”

“ఇరవై దినాలు.”

“మిగతా మూడు వందల నలభై ఐదు దినాలు ఆ మిషను ఏం జేస్తది?”

నేను జవాబు వెదుకుతుండగానే ఆయనే అన్నాడు: “మాకు కోతమిషను లేకుంటె పంట ఇంటికి రాదు. అట్లని కొంటమా? గంటకు ఇంత అని కిరాయికి తెచ్చుకుంటం. మా ఊర్ల పెద్దరైతు గూడ కొనలే. కొన్నోడు కిస్తీల కింద తిరుగుతనే ఉన్నడు. చేను మనది గావాలె గని, మిషను మనది గావాల్నా?”

మన శాస్త్రాలలో ఎన్నో న్యాయాలున్నవి: బీజాంకుర న్యాయం, కాకతాళీయ న్యాయం. వాటి సరసన ఈ కోతమిషను న్యాయాన్ని చేర్చవచ్చును. కథ చేను, కెమెరా కోతమిషను. పైగా కెమెరాలు రెండు మూడేండ్లకు పాతబడుతవి. సాగరు కాలువ కింది మాగాణి పాతబడదు.

అక్కడే నిర్ణయం జరిగినది. కెమెరా, కటకాలు, దీపాలు హైదరాబాదు నుండి అద్దెకు. మైకులు, రికార్డు పెట్టె, రెండు డిస్కులు, నల్లటి గాజు కొనుటకు. ఇవి త్వరగా పాతబడవు. తరువాతి చిత్రానికీ పనికి వస్తవి. యాసంగి వడ్లు అమ్మిన డబ్బులో కొంత ఇస్తానని తండ్రి, మిగిలినది తమ జీతాలలో నుండి అని కుర్రవాళ్ళు అన్నారు. అద్దెకు తెచ్చే ముందు చిత్రమంతా ఒకసారి ఫోనుతో తీసి చూచుకొమ్మని నేను షరతు పెట్టినాను. ఆ నకలు చిత్రంలో ఎనిమిది దృశ్యాలు అనవసరమని వారికే తోచినది, తీసివేసినారు. ఇరవై రోజుల పని పదిహేనుకు దిగినది. అద్దెకు తెచ్చిన రోజున ప్రతి వస్తువును లెక్కపెట్టి, గీతలు పడిన చోట్లను ఫోటో తీసి ఉంచుకొనుట కూడా వారు చేసినారు. తిరిగి అప్పగించేనాడు వాదులాటకు తావు లేకపోయినది.

ఇప్పటికి పది రోజుల పని అయినది. అయిదు రోజులది మిగిలియున్నది. చిత్రం ఎట్లు వచ్చునో, ఎవరు చూతురో నేను చెప్పలేను. ఇరవై గుంటలలో మాత్రం నాట్లు పడినవి.

మొన్న వారు ఒక జాతర దృశ్యం కొరకు ఒగ్గు కథ చెప్పేవాడు కావలెనంటే, ఆ వృద్ధ కళాకారుని కొడుకును పిలిపించినాను. కర్రకు కట్టిన మైకు అతని తలపై వేలాడుతున్నది. హెడ్‌ఫోను నా చెవులకు తగిలించినారు. డోలు డోలుగానే ఉన్నది. దానిమీదుగా ప్రతి అక్షరం స్ఫుటంగా వినవచ్చినది, ఊపిరి తీసికొనే చప్పుడుతో సహా. దృశ్యం ముగిసినది. అతడు చెమట తుడుచుకొంటూ నా దగ్గరకు వచ్చి, “నాయన గొంతు లెక్కనే ఉన్నదా సారూ?” అని అడిగినాడు.

నేను మాటాడలేదు. పోల్చి చెప్పుటకు ఆ గొంతును నేను దాచలేదు గదా.